ఏకబిగిన చదివించింది, సరే... తర్వాత?

తెలుగు క్రైమ్ థ్రిల్లర్లు చదివే మిత్రులకు బహిరంగ లేఖ

మిత్రులారా, నమస్కారం.

కొత్త క్రైమ్ నవల ఒకటి బయటికొచ్చి వారం తిరక్కుండానే మీ అభిప్రాయాలు రావడం మొదలవుతుంది. నేను వాటిని ఆశగా చదువుతాను. పుస్తకం కొనాలా వద్దా తేల్చుకోవడానికి నాలాంటివాళ్లకు వేరే దారి లేదు. పత్రికల సాహిత్య పేజీల్లో కవిత్వానికీ కథా సంపుటాలకీ చోటుంటుంది గానీ, హత్యతో మొదలయ్యే నవలకి సమీక్ష రావడం అరుదు. కాబట్టి మీరే దిక్కు. తీరా చదివితే ఏముంటుంది? "ఏకబిగిన చదివించింది." "మొదలుపెడితే కింద పెట్టలేం." "పేజీ పేజీకీ టెన్షన్." "క్లైమాక్స్ అదిరింది." కాస్త అసంతృప్తి ఉన్నవాళ్లయితే, "ట్విస్ట్ నేను ముందే కనిపెట్టేశా." అంతే. ఈ మాటలు ఏ నవల గురించి చెప్పినా చెల్లిపోతాయి. మీరు రాత్రి ఎన్ని గంటలకి పడుకున్నారో తెలుస్తోంది గానీ, ఆ నవల ఎలా ఉందో తెలియడం లేదు.

ఏకబిగిన చదివించిందనడం తప్పని నేను అనను. థ్రిల్లర్ అన్నాక చదివించకపోతే ఇంకేం చేస్తుంది? నేను అడిగేదల్లా దాని తర్వాత రెండో వాక్యం. ఎలా చదివించింది? న్యాయంగా చదివించిందా, మన కళ్లుగప్పి చదివించిందా? పరుగు ఆగాక చేతిలో ఏం మిగిలింది? ఆ రెండో వాక్యం మీరు రాయకపోవడం వల్ల మన క్రైమ్ నవలకి నష్టం జరుగుతోందని నా ఫిర్యాదు.

ఇది అడిగే హక్కు నీకెక్కడిదంటారేమో. చాలాకాలం ఒక వారపత్రికలో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. పత్రిక పేరు ఇక్కడ అనవసరం. సీరియల్ నడుస్తున్నన్నాళ్లూ పోస్ట్‌మ్యాన్ తెచ్చిన కట్టలు విప్పి, ఉత్తరాల పేజీకి నాలుగైదు ఏరడం నా పనుల్లో ఒకటి. పదిహేను పైసల కార్డు మీద, అడ్రస్ పక్కన మిగిలిన జాగా కూడా వదలకుండా, చీమతలకాయంత అక్షరాలతో రాసేవారు. వాళ్లు కూడా "ఊపిరి బిగబట్టి చదువుతున్నాం" అనే మొదలుపెట్టేవాళ్లు. కానీ తర్వాతి సంచిక దాకా ఆగక తప్పదు కదా. ఆ వారంలో పాత సంచిక మళ్లీ తీసి చూసేవాళ్లు. ఇంట్లో వాదించుకునేవాళ్లు. టీ కొట్టు దగ్గర పందేలు కట్టేవాళ్లు. కార్డు సగానికి వచ్చేసరికి అసలు సంగతి బయటపడేది.

ఒక సీరియల్లో హంతకుడు రాత్రి మెయిల్ ఎక్కి, ఓ చిన్న స్టేషన్లో దిగి, పని ముగించుకుని, తెల్లారేసరికల్లా తన ఇంట్లో ఏమీ ఎరగనట్టు కాఫీ తాగుతుంటాడు. ఆ సంచిక వచ్చిన కొద్ది రోజులకే ఒక రైల్వే ఉద్యోగి దగ్గర్నుంచి కార్డు. ఆ బండి ఆ స్టేషన్లో ఆగదనీ, తిరుగు ప్యాసింజర్ పొద్దెక్కితే గానీ లేదనీ రాసి, "మరి మీ హంతకుడు దూకాడా, నడిచొచ్చాడా? సెలవివ్వగలరు" అని ముగించాడు. ఆ కార్డు రచయితగారికి పంపించాం. ఆయన వచ్చే భాగంలో ఒక్క పేరా కలిపారు. ఊరి బయట సిగ్నల్ దగ్గర బండి కాసేపు ఆగుతుందనీ, ఆ సంగతి హంతకుడికి ముందే తెలుసనీ. దాంతో, వాడికి రైల్వేతో ఏదో సంబంధం ఉండి ఉండాలన్న ఆచూకీ కథలోకి వచ్చి కూర్చుంది. చివర్లో అదే వాణ్ణి పట్టించింది. సీరియల్ అయిపోయాక ఎక్కువమంది మెచ్చుకున్న క్లూ కూడా అదే. ఆ పొగడ్తలో సగం ఆ రైల్వే ఆయనకి చెందాలి.

అప్పటివాళ్లంతా మేధావులనీ ఇప్పటివాళ్లకి ఏం తెలియదనీ అనడం లేదు. చెత్త ఉత్తరాలు బస్తాలకొద్దీ వచ్చేవి. హీరోయిన్‌కి తన చెల్లెలి పేరు పెట్టమని అడిగినవాళ్లున్నారు. అప్పట్లో ఆగి ఆలోచించే వ్యవధి పత్రికే ఇచ్చేది. ఇప్పుడు నవల మొత్తం ఒక్కసారి చేతికొస్తోంది, ఒక్క రాత్రిలో అయిపోతోంది, తెల్లవారేలోపు అభిప్రాయం కూడా వెళ్లిపోతోంది. ఆ వ్యవధి మనమే కల్పించుకోవాలి.

పాఠకుడి మాటకి బలం లేదనుకుంటే పొరపాటు. 1893 డిసెంబరులో లండన్ స్ట్రాండ్ మాసపత్రికలో కానన్ డాయల్ తన షెర్లాక్ హోమ్స్‌ని స్విట్జర్లాండ్‌లోని ఒక జలపాతంలో పడేసి చంపేశాడు. వేలమంది చందాలు మానేశారని చెబుతారు. ఒకావిడ "ఓరి కిరాతకుడా" అన్న ధోరణిలో ఉత్తరం మొదలుపెట్టిందని డాయలే రాసుకున్నాడు. 1901లో హోమ్స్ మళ్లీ కనిపించాడు, కానీ అది చావుకి ముందటి కేసు. 1903లో ఇక తప్పక బతికించాల్సి వచ్చింది. ఇదంతా చాలామందికి తెలిసిన కథే. నాకు ఇంకా నచ్చేది దాని తోక. కార్న్‌వాల్‌లో పడవ నడిపే ఒకాయన డాయల్‌తో అన్నాడట: ఆ కొండమీంచి పడ్డప్పుడు హోమ్స్ చచ్చిపోకపోయి ఉండొచ్చు గానండీ, ఆ తర్వాత మాత్రం మునుపటి మనిషి కాడు. చందా మానేసినవాళ్లది కోపం. ఈ పడవాయనది విమర్శ. తర్వాతి కథల్లో పస తగ్గిందని ఆ మనిషి ఒక్క ముక్కలో, రచయిత మొహం మీదే, నొప్పించకుండా చెప్పాడు. నేను అడుగుతున్న రెండో వాక్యం అచ్చం అలాంటిది.

ఇక "నేను ముందే కనిపెట్టేశా" అనేవాళ్ల సంగతికొస్తాను. మీకోసం ఎడ్గర్ వాలెస్ కథ ఉంది. 1905లో ఆయన లండన్‌లో తన మొదటి థ్రిల్లర్‌ని సొంత ఖర్చుతో అచ్చేశాడు. తాళం వేసిన గదిలో, బయట పోలీసులు కాపలా ఉండగా, ఒక మంత్రి చచ్చిపోతాడు. ఎలా చచ్చిపోయాడో పుస్తకంలో చెప్పలేదు. సరైన జవాబు రాసినవాళ్లకి మొత్తం 500 పౌండ్ల బహుమతులని ఊరంతా ప్రకటనలు గుప్పించాడు. అయితే బహుమతి ఎంతమందికో పరిమితి పెట్టడం మర్చిపోయాడు. సరైన జవాబులు కుప్పలుగా వచ్చాయి. పుస్తకం వేలల్లో అమ్ముడుపోయింది, వాలెస్ మాత్రం అప్పుల్లో మునిగాడు. విజేతల జాబితా ఏదని పాఠకులు నిలదీయడం మొదలుపెట్టారు. తాను పనిచేస్తున్న పత్రిక యజమాని హార్మ్స్‌వర్త్ అప్పు ఇచ్చి గట్టెక్కించాల్సి వచ్చింది.

చూడండి, ఆ పాఠకుల్లో ఒక్కడు కూడా "ముందే తెలిసిపోయింది, కాబట్టి నవల బాగాలేదు" అనలేదు. తెలుసుకోవడమే వాళ్ల గెలుపు. మరి మనకి అదే ఎందుకు ఫిర్యాదు అయ్యింది? నా అనుమానం ఒకటుంది. మనలో చాలామంది ఆధారాలు పట్టుకుని కనిపెట్టడం లేదు, పాత్రల లిస్టు చూసి కనిపెడుతున్నాం. అందరికంటే మంచివాడు, పెద్దగా పనిలేనివాడు, అయినా ప్రతి మూడో అధ్యాయంలో కనిపించేవాడు ఎవడో చూస్తే సరిపోతోంది. సినిమాలో పేరున్న నటుడికి చిన్న వేషం ఇస్తే వాడే విలన్ అని హాల్లో పిల్లలు కూడా చెప్పేస్తారు కదా, ఇదీ అంతే. అలా తెలిసిపోతే తప్పు రచయితదే, గట్టిగా చెప్పండి. కానీ ఆధారాలు వరసగా పేర్చుకుంటూ పోయి మీరు హంతకుడి దగ్గరికి చేరుకుని ఉంటే, ఆ రచయిత మీతో నిజాయితీగా ఆడాడన్నమాట. దాన్ని లోపంగా రాయకండి. ఈ రెంటిలో ఏది జరిగిందో చెప్పకుండా "గెస్ చేసేశా" అంటే, వాడు వచ్చే నవలలో మీకు అందకుండా ఉండడానికి ఆధారాలే ఎత్తేస్తాడు. ఎత్తేస్తున్నారు కూడా.

వేగం దగ్గర నా అసలు పేచీ ఇక్కడే. పరిగెత్తే కథ చాలా లోపాల్ని దాచేస్తుంది. ఒక మచ్చు చూడండి. సీఐ బీరువా తెరుస్తాడు. లోపల కవరు. కవర్లో ఫొటో. "ఫొటో చూడగానే అతని చేతులు చల్లబడ్డాయి." అక్కడితో అధ్యాయం అయిపోతుంది. తర్వాతి అధ్యాయం వేరే ఊళ్లో, వేరే మనిషితో. ఆ సీఐకి ఆకలేస్తే చెప్పారు, పెళ్లాం గుర్తొస్తే చెప్పారు, షూ కరుస్తుంటే అదీ చెప్పారు. ఆ ఫొటోలో ఎవరున్నారో మాత్రం నూటయాభై పేజీల దాకా చెప్పరు. సీఐకి తెలుసు, రచయితకి తెలుసు, డబ్బు పెట్టి కొన్న మనకే తెలియదు. సస్పెన్స్ పేరుతో అక్కడ జరిగింది దాపరికం. మనం పేజీ తిప్పుతున్నది కథ మీద మక్కువతో కూడా కాదు, ఆ కవరు మన చేతికి ఇవ్వనందుకు ఉడుక్కుని.

అదే ఫొటోని మనకి చూపించి కూడా గుట్టు కాపాడేవాళ్లున్నారు. ఫొటోలో పెళ్లి జంట, వెనక అద్దాల తలుపు, గోడకి కోఆపరేటివ్ బ్యాంకు క్యాలెండర్. మన చూపు పెళ్లికూతురి మీదే ఉంటుంది. క్యాలెండర్‌లో నెల ఏదో రాశాడు, మనం చదివాం, వదిలేశాం. రెండొందల పేజీల తర్వాత ఆ నెలే ఎవడో చెప్పిన అబద్ధాన్ని బయటపెడుతుంది. వెనక్కి తిప్పి చూస్తే అక్కడే ఉంది. నెత్తి కొట్టుకుంటాం. మొదటి రచయితా రెండో రచయితా ఇద్దరూ మనల్ని రాత్రి రెండింటిదాకా మేలుకోబెట్టారు. "కింద పెట్టలేకపోయా" అని మీరు ఇద్దరికీ ఒకటే మార్కులు వేస్తే, కష్టపడి క్యాలెండర్ తగిలించినవాడు వచ్చేసారి ఎందుకు కష్టపడాలి?

ఈ న్యాయాన్యాయాల గొడవ ఇప్పటిది కాదు. 1926లో అగాథా క్రిస్టీ నవల ఒకటి పెద్ద రభస రేపింది. దాని మలుపేమిటో ఇక్కడ చెప్పను, ఇంకా చదవనివాళ్లు ఉండొచ్చు. ఇది మోసం, పాఠకుణ్ణి వంచించడమే అని కొందరు మండిపడ్డారు. తోటి రచయిత్రి డొరతీ సేయర్స్ మాత్రం, అందర్నీ అనుమానించడం పాఠకుడి పనే కదా అని ఆవిడ పక్షాన నిలబడింది. తగాదా ఇన్నేళ్లు సాగడానికి కారణం, పాఠకులు పుస్తకం మళ్లీ మొదటినుంచి చదివి, ఫలానా వాక్యం అబద్ధమా కాదా అని వేలు పెట్టి చూపించి వాదించుకోవడమే. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే కేథలిక్ ఫాదరీ డిటెక్టివ్ కథలకి పది ఆజ్ఞలు రాశాడు. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ చూపించాలన్నది వాటిలో ఒకటి. ముందుగా సూచన ఇవ్వకుండా కవలల్ని దింపకూడదన్నది ఇంకొకటి. (ఈ ఒక్కటీ మనవాళ్లు పాటించినా నా ప్రాణం కుదుటపడేది. ఈమధ్య చదివిన ఒక తెలుగు నవలలో చివరి ఇరవై పేజీల్లో తమ్ముడు ఊడిపడ్డాడు. అంతకుముందు తల్లికి ఒక్కడే కొడుకని రచయితే రాశాడు!) మరుసటి ఏడాది లండన్ రచయితలు డిటెక్షన్ క్లబ్ పెట్టుకుని, రచయిత చెస్టర్టన్‌ని అధ్యక్షుణ్ణి చేసుకుని, పాఠకుడికి కీలకమైన ఆధారం దాచబోమని ప్రమాణాలు కూడా చేశారు. సగం సరదాకే అనుకోండి. అయినా ఆ సరదా వెనక పాఠకుడంటే భయం ఉంది.

వేగాన్ని అమ్ముకోవడం కూడా పాత వ్యాపారమే. 1929 ప్రాంతంలో అమెరికాలో హార్పర్ ప్రచురణ సంస్థ డిటెక్టివ్ నవలల చివరి భాగానికి కాగితంతో సీలు వేసి అమ్మింది. సీలు దాకా చదివాక ఆసక్తి లేకపోతే, సీలు చింపకుండా తిరిగిచ్చేస్తే డబ్బు వాపసు. ఎవడు ఇస్తాడు? ఆ సంగతి వాళ్లకి బాగా తెలుసు. చివర్లో ఏమైందో తెలుసుకోవాలన్న దురద, పుస్తకం బాగుండడం, ఈ రెండూ వేరువేరు. మొదటిదాన్ని పట్టుకుని ఎంత నాసిరకం సరుకైనా చెల్లుబాటు చేసుకోవచ్చు. నేనూ ఆ సీలు చింపేవాణ్ణే. చింపాక ఏమనిపించిందన్నదే అసలు ప్రశ్న.

మీలో కానిస్టేబుళ్లున్నారు, లాయర్లున్నారు, మార్చురీలో డ్యూటీ చేసిన హౌస్ సర్జన్లున్నారు, ల్యాబ్ టెక్నీషియన్లున్నారు. మీరెందుకు మౌనంగా ఉంటున్నారో నాకు అర్థం కాదు. 2024 జూలై 1 నుంచి హత్యకి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 103. అంతకుముందు జరిగిన నేరమైతే పాత శిక్షాస్మృతిలోని 302 సరే. కానీ నిరుడు జరిగినట్టు రాసిన హత్యకి కూడా మన నవలల్లో ఎస్సై "త్రీ నాట్ టూ కింద బుక్ చేస్తా" అని రంకెలు వేస్తూనే ఉన్నాడు. సరే, పాత అలవాటు అనుకుందాం. స్టేషన్లో నాలుగు తగిలించగానే నిందితుడు అంతా ఒప్పేసుకుంటాడు, అక్కడితో కేసు క్లోజ్. పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదని మన సాక్ష్య చట్టం బ్రిటిష్ కాలంనుంచీ చెబుతోంది, కొత్త చట్టమూ అదే చెబుతోంది. ఆ ఒప్పుకోలు వల్ల కత్తో నగో దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత వరకే పనికొస్తుంది. ఒక మంచి రచయితకి ఈ ఒక్క చిక్కు చాలు, నవల సగం నడుస్తుంది. హంతకుడు ఎవరో పోలీసుకి తెలుసు, రుజువు చెయ్యలేడు. అరెస్టు చేస్తే ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. గడియారం దానంతటదే టెన్షన్ పుట్టిస్తుంది, ఛేజింగులు అక్కర్లేదు.

నార్కో పరీక్ష కూడా అంతే. మనిషి ఇష్టం లేకుండా చెయ్యకూడదని 2010లోనే సుప్రీం కోర్టు సెల్వి కేసులో తేల్చింది. మన నవలల్లో ఇంకా ఇంజెక్షన్ గుచ్చి నిజాలు కక్కిస్తున్నారు. జేబురుమాలు మీద క్లోరోఫాం చల్లి ముక్కు దగ్గర పెట్టగానే ఆరడుగుల మనిషి కుప్పకూలిపోతాడు. నిజానికి దానికి నిమిషాలు పడుతుంది, ఆలోపు ఆ మనిషి ఊరుకోడు. డీఎన్ఏ రిపోర్టు టీ చల్లారేలోపు వచ్చేస్తుంది. ఇది మరీ బాధగా ఉంటుంది నాకు. మన దేశంలో ఆ పరీక్షని నిలబెట్టిన శాస్త్రవేత్త లాల్జీ సింగ్ పనిచేసింది హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధనా కేంద్రంలోనే. అడిగితే చెప్పేవాళ్లు ఊళ్లోనే ఉన్నా అడగరు. "థ్రిల్లర్‌లో లాజిక్కులు వెతకొద్దు" అని మీరే క్షమించేశాక వాళ్లెందుకు అడుగుతారు? మా రైల్వే ఆయన క్షమించి ఉంటే ఆ సిగ్నల్ క్లూ పుట్టేది కాదు.

ఇంకొకటి చెప్పాలి, ఇది చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం మారుతుంది. మొదటి పేజీలో దొరికే శవం ఎవరిది? పదిలో ఎనిమిది నవలల్లో ఒక అమ్మాయిది. ఆమె ఒంటి మీద గాయాల్ని రెండు పేజీలు వర్ణిస్తారు. ఆమె ఏం చదువుకుంది, ఎవరితో పోట్లాడింది, జీతం ఎంత, ఏం తినేది అన్నది నవల మొత్తంలో ఉండదు. చచ్చిపోవడానికే పుట్టిన పాత్ర. మీ అభిప్రాయాల్లో కూడా ఆమె ప్రస్తావన రాదు, హంతకుడి తెలివితేటలు మాత్రం వస్తాయి. "నిజ సంఘటన ఆధారంగా" అని అట్ట మీద వేసుకుని, పేపర్లలో వచ్చిన కేసుని ఊరూ కాలేజీ కూడా పోల్చుకునేలా దింపేసేవాళ్లున్నారు. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరమని చట్టం ఉంది. నవల కాబట్టి ఫరవాలేదనుకుంటున్నారు కాబోలు. పాఠకుడు ఒక్కసారి "ఇది నాకు నచ్చలేదు" అని రాస్తే చాలు. ఎవరూ రాయడం లేదు.

క్రైమ్ నవలని సాహిత్యం వాళ్లు చిన్నచూపు చూస్తారని మీరంతా వాపోతారు, నిజమే. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌నీ అసిస్టెంట్ రాజునీ, మధుబాబు గారి షాడోనీ దాచుకుని చదివిన తరం మాది. క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివాం, దొరికిపోయి దెబ్బలు తిన్నాం. తెలుగు చదవడం అలవాటైంది వాటివల్లేనని ఒప్పుకోడానికి మాత్రం చాలామందికి నామోషీ. చిన్నచూపు అన్ని చోట్లా ఉంది. 1944లో ఎడ్మండ్ విల్సన్ అనే పేరున్న అమెరికన్ విమర్శకుడు జనం డిటెక్టివ్ కథలు ఎందుకు చదువుతారో అర్థం కావడం లేదని న్యూయార్కర్ పత్రికలో రాశాడు. పాఠకులు ఊరుకోలేదు. ఫలానా రచయిత చదివావా, ఫలానా పుస్తకం చూశావా అని ఉత్తరాలు కురిపించారు. వాళ్లు చెప్పినవాటిలో కొన్ని చదివి 1945లో ఆయన ఇంకో వ్యాసం రాయాల్సి వచ్చింది. మనసు మార్చుకోలేదు, అది వేరే సంగతి. కానీ ఆ పాఠకుల దగ్గర చెప్పడానికి మాటలున్నాయి, చూపించడానికి పుస్తకాలున్నాయి. రేపు ఎవరైనా మన తెలుగు క్రైమ్ నవలని తీసిపారేస్తే "లేదండీ, ఏకబిగిన చదివిస్తుంది" అని తప్ప మనం ఏం చెప్పగలం?

పోనీ, చెబుదామంటే కథ బయటపడిపోతుందని భయం అంటారు. ఆ భయం మంచిదే. అద్దె పుస్తకాల షాపుల రోజుల్లో ఆ నీతి కూడా లేని మహానుభావులుండేవాళ్లు. మా ఊరి షాపులో తెచ్చిన ఒక డిటెక్టివ్ నవలలో, హంతకుడు మొదటిసారి కనిపించే చోటే పెన్సిల్‌తో బాణం గుర్తేసి "వీడే" అని రాసుంది. దాని కింద ఇంకో దస్తూరీ: "కాదు, నమ్మకండి." దాని కింద మూడో దస్తూరీ, ఎర్ర ఇంకుతో: "మొదట రాసినవాడి చేతులు పడిపోను." ముగ్గురిలో ఎవరిది నిజమో తెలియక ఆ పుస్తకం నేను ఇంకా ఉత్సాహంగా చదివాను. అసలు రచయిత పెట్టిన సస్పెన్స్ కంటే మార్జిన్‌లో ఉన్నదే బాగుంది! ఆ షాపు పుస్తకాల్లో చివరి పేజీల కట్ట ఊడిపోయిన కాపీలు సగం ఉండేవి. పావలా అద్దె కట్టి చదివాక, ముగింపు కౌంటర్ దగ్గర షాపాయన నోటితో చెబితే విని వచ్చేవాళ్లం. ఆయన ఒక్కోసారి ఒక్కో హంతకుణ్ణి చెప్పేవాడని మాకు అనుమానం.

హంతకుడి పేరు చెప్పకుండా కూడా ఎంతో చెప్పొచ్చు. ఆధారాలు మన కళ్ల ముందే ఉన్నాయా లేదా చెప్పొచ్చు. పోలీసు నిజం పోలీసులా ఉన్నాడా, సినిమా పోలీసులా ఉన్నాడా చెప్పొచ్చు. కథ జరిగే ఊరు నిజంగా ఆ ఊరేనా, కాకినాడ అని రాసి హైదరాబాద్‌ని వర్ణించాడా చెప్పొచ్చు. ముగింపు తెలిశాక మళ్లీ చదవబుద్ధి వేసిందో లేదో చెప్పొచ్చు. నన్నడిగితే అన్నిటికంటే పనికొచ్చేది ఆఖరిదే.

వెయ్యి కాపీలు వేస్తే పెద్ద సంగతిగా ఉన్న మార్కెట్ మనది. మీరు రాసే ప్రతి ముక్కా రచయిత చదువుతాడు, పబ్లిషరూ చదువుతాడు. అందులోంచి ఒక లైను కోసి రెండో ముద్రణ వెనక అట్ట మీద వేసుకుంటాడు. "సూపర్ ఫాస్ట్" అని మీరంటే వచ్చే నవలలో అధ్యాయాలు రెండేసి పేజీలకి కుదించుకుపోతాయి. "ట్విస్టులే ట్విస్టులు" అంటే చివర్లో తమ్ముళ్లు ఊడిపడతారు. మీరు మెచ్చుకున్నదే మీకు మళ్లీ వస్తుంది, ఇంకాస్త పలచబడి.

కాబట్టి నా విన్నపం చాలా చిన్నది. ఈసారి రాసేటప్పుడు ఒక పేజీ నంబరు ఇవ్వండి. రచయిత మిమ్మల్ని గెలిచిన పేజీ అయినా సరే, మోసం చేసిన పేజీ అయినా సరే.

ఈమధ్య ఒకమ్మాయి ఒక కొత్త నవల గురించి రాసిన నాలుగు ముక్కలు చూశాను. "నూట పన్నెండో పేజీలో వంటావిడ స్టవ్ మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. ఎందుకని నేను ఆగి అడగాల్సింది. అడగలేదు. రచయితదే గెలుపు." అంతే రాసింది. ఏకబిగిన అనలేదు, టెన్షన్ అనలేదు. మర్నాడే వెళ్లి ఆ పుస్తకం కొనుక్కున్నాను. వంటావిడ హంతకురాలేం కాదు లెండి, మీరూ చదువుకోవచ్చు.

ఇట్లు,
ఉత్తరాల పేజీ చూసిన ఒక పాత సబ్ ఎడిటర్